ఆఖరికి అట్టేపెట్టిన పేరు

సూరమ్మకు పేరంటే పట్టింపు. ఇచ్చింది ఎంత చిన్నదైనా సరే, ఇచ్చినవాళ్ళ పేరు నలుగురి చెవినా పడాలనేది. ఇది ఆమెకు పెనిమిటి వల్ల అబ్బిన గుణం. ఆయన పేరు అచ్చెన్న. భీమునిపట్నం రేవు నుంచి రంగం, అంటే బర్మాలోని రంగూను, వచ్చి ధాన్యం మిల్లులో బస్తాలు మోశాడు. ఆ ఊళ్ళో లమ్మడా పేటలో తెలుగువాళ్ళ ఇంట పెళ్ళి జరిగితే చదివింపులు పిలిచేది ఆయనే. ఎవరు ఎవరికి ఏం చదివించారో పందిరి దద్దరిల్లేలా అరిచేవాడు. రాగిచెంబు తెచ్చినవాడి పేరు కూడా వెండిగిన్నె తెచ్చినవాడి పేరంత గట్టిగానే అరుస్తాడని పేదవాళ్ళకు ఆయనంటే ప్రాణం.

ఒక వానాకాలం జ్వరం తగిలి అచ్చెన్న పోయాడు. పిల్లల్లేరు. ఊరికి తిరిగిపోదామంటే అక్కడ ఆమెకు ఇంత ముద్ద పెట్టేవాళ్ళూ లేరు. అదే వీధిలో ఉండే లింగరాజు అనే గంజాం ఆయన, సరస్సు పక్కన ఒక వలంద దొర బంగళాలో వంట చేసేవాడు. ఆ ఇంట్లో పసిపిల్ల పుట్టింది, ఆయా కావాలి అని సూరమ్మను వెంటబెట్టుకుపోయాడు. వలందలంటే హాలెండు దేశస్థులని మన రేవుల్లో అందరికీ తెలుసు. ఈ దొర బియ్యం కొని ఓడలకెక్కించే వర్తకుడు. ఆఫీసు ఊళ్ళోనే చౌక్తడా పేటలో ఉండేది.

గేటు దగ్గర సూరమ్మ ఆగింది. "వలందోళ్ళేటి? మా బీమిలిలో ఈళ్ళ గోరీలున్నాయి, సముద్రం ఒడ్డున. సిన్నప్పుడు ఆటిమీద నాను సేపలు ఎండేసినాను."

"ఆ మాట లోపల సెప్పీకు" అన్నాడు లింగరాజు.

ఆమె చెప్పలేదు. ఉద్యోగం దొరికింది.

పసిపిల్ల పేరు లీనా. సూరమ్మ నోట అది లీనమ్మ అయింది. ఆ పిల్లకు మొదట వచ్చిన భాష తెలుగే, అదీ మన ఉత్తరాది రేవు తెలుగు. అమ్మను వాళ్ళ భాషలో పిలవడం రాకముందే "ఆకలేస్తంది" అనడం వచ్చింది. దొరసాని కూడా కూతురు మాట్లాడేది విని కాస్త తెలుగు పట్టుకుంది. కొన్నేళ్ళకు యాన్ అని మగపిల్లవాడు పుట్టాడు. వాడూ సూరమ్మ చంకలోనే పెరిగాడు. కాని ఎంతైనా మొదటి పిల్ల మొదటి పిల్లే. సూరమ్మ ఆ తేడా దాచిపెట్టడానికి పెద్దగా ప్రయత్నించేది కాదు.

ఆ ఇంటి మర్యాదలు ఆమెకు ఒక పట్టాన మింగుడుపడలేదు. కానుక చేతికిస్తే ఇచ్చినవాళ్ళ ఎదుటే, అప్పటికప్పుడు, కాగితం చింపి చూడాలట. చూడకుండా పక్కన పెడితే తప్పట. మనం అలా చేస్తే ఆబ అంటారు. పిల్ల పుట్టినరోజుకు వచ్చినవాళ్ళు పిల్లకు శుభం చెప్పి ఊరుకోరు, తల్లికీ తండ్రికీ తమ్ముడికీ, గదిలో కూర్చున్న ప్రతివాళ్ళకీ వరసగా చేయి కలిపి శుభం చెబుతారు. ఒకసారి కొత్తగా వచ్చిన దొర ఒకాయన తొందరలో సూరమ్మకు కూడా చేయి కలిపి శుభం చెప్పేశాడు. ఆ మర్యాద ఒక్కటి మాత్రం ఆమెకు బాగా నచ్చింది. పిల్ల పుట్టినందుకు పెంచినదానికి దండం పెట్టడంలో తప్పేముంది అని లమ్మడాలో చాలా రోజులు చెప్పుకుంది.

అన్నిటికన్నా విడ్డూరం డిసెంబరు పండగ. వాళ్ళకు తెల్లగడ్డం స్వామి ఒకాయన ఉన్నాడు. ఎర్ర అంగరఖా, పొడుగు టోపీ, తెల్లగుర్రం. దూరదేశం నుంచి ఓడమీద వస్తాడు. డిసెంబరు అయిదో తేదీ సాయంత్రం ఆయన పండగ. దానికి ముందు రోజుల్లో పిల్లలు పడుకునేటప్పుడు తమ బూటు ఒకటి పొయ్యి దగ్గర పెట్టి, గుర్రం తినడానికి అందులో ఒక ముల్లంగో కారట్టో ఉంచుతారు. పొద్దున్నకు కారట్టు పోయి మిఠాయి ఉంటుంది. ఇదంతా ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు. లీనాకు ఊహ తెలిసిన మొదటి ఏడు, సూరమ్మ తెల్లారకముందే వంటింట్లోకి వెళ్ళేసరికి పొయ్యి పక్కన బూటు. బూటులో మిఠాయి.

"సెప్పులోనా? తినీ వస్తువు సెప్పులోనా?" అని బూటును పుల్లతో పైకెత్తి పెరట్లోకి విసిరి, మిఠాయి కాకులకు వేసి, పొయ్యి కడిగి, అలికి ముగ్గుపెట్టింది. పిల్ల లేచి వచ్చి చూసి, స్వామి తనకేమీ ఇవ్వలేదని ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. దొర మాత్రం ముగ్గు చూసి నవ్వాడు. ఆ తరువాతి ఏడు నుంచి బూటు వంటింటి గడప బయట పెట్టే ఒప్పందం కుదిరింది. స్వామి గుర్రానికి అభ్యంతరం లేకపోయింది.

అసలు పండగ సాయంత్రానిది. ఇంటిల్లిపాదీ, వచ్చిన చుట్టాలూ పెద్దగదిలో కూర్చుని పాట పాడుతుండగా, ఉన్నట్టుండి తలుపు దబదబ బాదుడు. తలుపు కాస్త తెరుచుకుంటుంది. తెల్ల తొడుగు వేసుకున్న చేయి ఒకటి లోపలికొచ్చి గుప్పిళ్ళతో చిన్నచిన్న మసాలా బిళ్ళలు నేలమీద చల్లుతుంది. పిల్లలు ఏరుకుంటారు. చేయి మాయమవుతుంది. బయట చూస్తే కానుకల గోనెసంచి ఉంటుంది. ఆ బిళ్ళలు లింగరాజు చేసేవాడు. ఆ చేయి సూరమ్మది. దొరసాని విందులకు తొడుక్కునే మోచేతి పొడుగు చేతితొడుగు తగిలించుకుని, వరండాలో నిలబడి, ఏటేటా తలుపు ఆమే బాదేది. అచ్చెన్న పెళ్ళాం కాబట్టి బాదుడులో లోటు చేసేది కాదు.

సంచిలో ఏ కానుకమీదా ఇచ్చినవాళ్ళ పేరుండదు. అన్నీ స్వామి ఇచ్చినట్టే లెక్క. పైగా ఉన్నదాన్ని ఉన్నట్టు ఇవ్వరు. గడియారాన్ని క్యాబేజీ గడ్డలోనో, పుస్తకాన్ని పాతగుడ్డల్లోనో దాచి, చూసినవాళ్ళు బోల్తాపడేలా చేస్తారు. విప్పినవాళ్ళు ఎవరిచ్చారో ఊహించి ఒక్కొక్క పేరే అంటారు. ఇచ్చినవాళ్ళు కూడా నాకేం తెలుసన్నట్టు నవ్వుతారు. అది నియమం. ఆఖరున అందరూ కలిసి స్వామికే దండాలు చెబుతారు.

"పేరు సెప్పని సదివింపు సదివింపేటి? నూతిలో రాయేసినట్టు" అనేది సూరమ్మ.

"ఆళ్ళ సరదా ఆళ్ళది. నీకేటి నొప్పి?" అనేవాడు లింగరాజు.

నిజంగానే ఆమెకు నొప్పేమీ లేదు, ఆ చివరి ఏడు వరకూ. ఆ ఏడు వానలు వెనకబట్టాక దొరసాని పిలిచి చెప్పింది. కొత్త సంవత్సరం వస్తూనే అందరూ తమ దేశం వెళ్ళిపోతారు. మళ్ళీ రారు. లీనా అక్కడ పెద్ద బడిలో చేరుతుంది.

సూరమ్మ సరేనంది. ఆమెను పట్టుకున్న దిగులు ఒక్కటే. ఆ దేశంలో పిల్లకు కొత్త మనుషులు, కొత్త మాటలు. నాలుగేళ్ళలో తెలుగు మరచిపోతుంది, దాంతోపాటు నేర్పినదాన్నీ మరచిపోతుంది. అలా మరవకుండా చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాలి. అది తన చేతిదని పిల్లకు తెలియాలి. పిల్ల నోట తన పేరు రావాలి. అంతకుమించి ఆ ఇంట్లో ఆమెకు కావలసిందేమీ లేదు.

ఆడపిల్ల దూరం వెళ్తుంటే మనవాళ్ళు సారె పెడతారు. ఆమె కూడా సారె అనే అనుకుంది. ఎర్రటి మాండలే పట్టు కొని, పిల్ల కొలతకు పరికిణీ, రవిక కుట్టింది. పెరిగే పిల్ల కదా అని అంచులో పొడుగు మడిచిపెట్టి కుట్టింది. చేత్తో కుట్టిన ఆ కుట్టు మిషను కుట్టులా ఉందని లింగరాజు అంటే, మిషనుతో పోల్చినందుకు కోపం తెచ్చుకుంది.

"ఊరెళ్ళీనాడు సేతికిచ్చీ. బాగుంటాది" అన్నాడతను.

"ఓడకాడ హడావుడిలో ఇస్తే ఎవులు సూస్తారు? పండగనాడు, అందరి ముందరా ఇస్తాను."

"పండగనాడయితే పేరు సెప్పకూడదు మరి."

"నాను సెప్పను. అదే సెప్తాది. పిల్లకి నా సెయ్యి తెలీదేటి?"

నియమం నియమమే కాబట్టి ఆమె కూడా కానుకను దాచింది. కొత్త కుండ తెచ్చి, బట్టలు కాగితంలో చుట్టి లోపలపెట్టి, పైదాకా మిల్లు ఊక నింపి, మూతికి గుడ్డ కట్టింది. ఎవరికీ చెప్పకుండా గోనెసంచి పక్కన పెట్టేసింది. వలంద దొరలకే వలంద పద్ధతి చూపిస్తున్నానని లోపల్లోపల గర్వం.

అయిదో తేదీ సాయంత్రం అంతా మామూలుగానే మొదలైంది. పాట అయింది, బాదుడు అయింది, తెల్లచేయి బిళ్ళలు చల్లింది. సంచి లోపలికి పోయింది. ఏటేటా ఆ తరువాత సూరమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఈసారి వెళ్ళలేదు. తొడుగు తీయడం కూడా మరచిపోయి, తలుపు సందులోంచి చూస్తూ నిలబడింది.

కుండ వంతు చివరికి వచ్చింది. లీనా గుడ్డ విప్పి ఊకలో చేయిపెట్టి కెలికింది. ఊక తివాచీమీద పడుతుంటే అందరూ నవ్వారు. పట్టు బయటికొచ్చింది. పిల్ల పరికిణీని నడుముకు ఆనించుకుని గిరుక్కున తిరిగింది. సూరమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఇక ఊహించడం మొదలు. లీనా కావాలనే తీరుబడిగా ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టింది.

"ఊక అంటే నాన్నే" అంది వాళ్ళ భాషలో. ఆ మాత్రం భాష సూరమ్మకు ఇన్నేళ్ళలో తెలుసు. బియ్యం దొర చేతులెత్తి నాకేం తెలీదన్నాడు.

"అయితే అమ్మ." దొరసాని తల అడ్డంగా ఊపింది.

"అయితే నువ్వే!" అని లీనా వచ్చిన అతిథుల్లో ఒక పొడుగు మెడ దొరసానిని చూపించింది. ఆమె మాండలే పట్టు తెగ కొనే మనిషి. ఆమె కాదనకుండా తల వంచుకుని చక్కగా నవ్వింది. పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆ నవ్వు కూడా నియమంలో భాగమే. కాని సూరమ్మకు అది నియమంలా కనిపించలేదు. పట్టపగలు దొంగతనంలా కనిపించింది. తను కుట్టిన కుట్టు, తను కట్టిన కుండ, ఎవరో పొడుగు మెడావిడ ఖాతాలో పడిపోతున్నాయి. నవ్వింది కదా, ఒప్పుకున్నట్టే కదా! ఇక పిల్ల ఆ బట్టలు చూసినప్పుడల్లా ఆవిణ్ణే తలచుకుంటుంది. సూరమ్మకు ఒళ్ళు మండిపోయింది. తలుపు తోసుకుని గది మధ్యకు నడిచింది. చేయెత్తి, అచ్చెన్న ఎలా అరిచేవాడో అలాగే గొంతెత్తింది.

"సదివింపులహో సదివింపులు! బీమిలి రేవు అచ్చెన్న పెళ్ళాం సూరమ్మ, లీనమ్మకి సదివించిన ఎర్రపట్టు పరికిణీ ఒకటీ, రవిక ఒకటీ!"

ఆ గదిలో అంత గట్టి మాట అంతకుముందెన్నడూ పుట్టి ఉండదు. లింగరాజు వంటింట్లో గరిటె వదిలేశాడు. పొడుగు మెడ దొరసాని నవ్వు అలాగే ఉండిపోయింది. అందరూ సూరమ్మ ముఖం చూశారు. ఒక్క యాన్ మాత్రం చేయి చూశాడు. పైకెత్తిన ఆ చేతికి మోచేయి దాకా తెల్ల తొడుగు ఉంది, వేళ్ళకు బిళ్ళల పొడి అంటుకుని ఉంది.

వాడికప్పుడు అయిదేళ్ళు. కొంతసేపు ఆ చేతినే చూశాడు. తరువాత తన గుప్పిట్లో ఏరుకున్న బిళ్ళలు చూసుకున్నాడు. "స్వామి రాలేదా?" అన్నాడు. బిళ్ళలు నేలమీద పారేసి ఏడుస్తూ బయటికి పరిగెత్తాడు.

అప్పుడు చూసుకుంది సూరమ్మ తన చేతిని. తొడుగు లాగేసుకుంది కాని, ఏం లాభం?

ఆ పూట పండగ అక్కడితో సరి. చుట్టాలు వెళ్ళాక దొరసాని వంటింటి గడప దగ్గరికి వచ్చింది. ఆమె అరవలేదు. "సూరమ్మా, వాడు ఇంకా కొన్నేళ్ళు నమ్మీవాడు" అని మాత్రం అంది, కూతురి తెలుగులో. సూరమ్మ తల ఎత్తలేదు. తిట్టినా బాగుండేదని తరువాత లింగరాజుతో అంది.

ప్రయాణం దాకా యాన్ ఆమె దగ్గరికి రాలేదు. అన్నం ఆమె కలిపితే తినలేదు. స్నానానికి పిలిస్తే దొరసాని వెనక దాక్కున్నాడు. సూరమ్మ బతిమాలింది. ఆ చేయి నాది కాదు, స్వామి అడిగితే అరువిచ్చానని ఏదో కథ కట్టింది. అయిదేళ్ళవాడికి కూడా అది అతకలేదు.

ఓడ ఎక్కే రోజు జెట్టీలో ఎండ మండిపోతోంది. యాన్ తల్లి గౌనులో ముఖం దాచుకుని నిచ్చెన ఎక్కాడు, వెనక్కి తిరగలేదు. లీనా మాత్రం పరుగున వచ్చి సూరమ్మను గట్టిగా పట్టుకుంది.

"ఏటే అలాగ తొందరపడిపోనావు?" అంది.

"ఏటి తల్లీ?"

"ఆ పరికిణీ నువ్వు కుట్టిందేనని సూడగానే నాకు తెలీదేటి? తలుపు బాదీ సెయ్యి నీదని కూడా నాకెప్పుడో తెలుసు. తొడుగు ఏసినా ఆవదం వాసన ఆగదు కదా. తెలిసిన పేరు ముందే సెప్పీకూడదే. ఆట అయిపోద్ది. అందరికన్నా ఇష్టమైన పేరు ఆఖర్న సెప్పాలి. నీ పేరు ఆఖరికి అట్టేపెట్టినాను. ఈలోగా నువ్వే అరిసేసినావు."

ఇంకొక్క పేరు. ఒక్క పేరు ఆగి ఉంటే పిల్ల నోటనే, అందరి ముందూ, ఆ మాట వచ్చి ఉండేది. యాన్ బాబుకు ఆ స్వామీ మిగిలి ఉండేవాడు. ఆమె అక్కడే ఏడ్చింది. ఓడ కూత వేసింది. లీనాను ఎవరో చేయి పట్టుకుని తీసుకెళ్ళారు.

తరువాతి కాలం గురించి చెప్పవలసింది తక్కువ. లింగరాజు లమ్మడాలో చిన్న పూటకూళ్ళ కొట్టు పెట్టాడు. సూరమ్మ అందులో పప్పు రుబ్బింది, పులుసు కాచింది, అప్పు పెట్టి తినేవాళ్ళను తిట్టింది. పెళ్ళిళ్ళకు పిలిస్తే వెళ్ళేది కాని, చదివింపులు పిలిచేటప్పుడు బయటికొచ్చి గిన్నెలు తోముకునేది. అదేమని అడిగితే, అచ్చెన్న తరువాత ఎవరి గొంతూ బాగోలేదనేది.

మళ్ళీ పండగ వచ్చి వెళ్ళాక, ఒక మధ్యాహ్నం చౌక్తడా ఆఫీసు నుంచి బంట్రోతు సత్తిరాజు ఒక చిన్న పొట్లం తెచ్చాడు. హాలెండు నుంచి ఆఫీసు సామానుతో వచ్చిందట. పైన సూరమ్మ పేరుంది. పంపినవాళ్ళ పేరు లేదు.

"ఎవులు పంపినారు?" అంది సూరమ్మ.

"రాయలేదు. మరిసిపోనట్టున్నారు" అన్నాడు సత్తిరాజు.

సూరమ్మ అతణ్ణి వెళ్ళనివ్వలేదు. పొట్లం తెచ్చినవాడి ఎదుటే, చెయ్యి తుడుచుకుని, కాగితం చింపింది. లోపల ఒకే ఒక్క తెల్ల చేతితొడుగు, ఉన్నితో అల్లింది. అయిదు వేళ్ళలోనూ మసాలా బిళ్ళలు కుక్కి ఉన్నాయి. సముద్రం గాలికి కాస్త మెత్తబడ్డాయి. తొడుగు చాలా చిన్నది. సూరమ్మ నాలుగు వేళ్ళు కూడా అందులో పట్టవు.

"ఇంకెవులు, లీనమ్మే" అన్నాడు లింగరాజు పొయ్యి దగ్గర నుంచి.

"నువ్వు ఊరుకో. అలగ సెప్పీకూడదు" అంది సూరమ్మ. పీట లాక్కుని కూర్చుంది. తొడుగు ఒళ్ళో పెట్టుకుంది. కొట్టులో తింటున్నవాళ్ళు చేతులాపి చూస్తున్నారు.

"దొరగోరేటి? కాదు. ఆయనకి ఇయ్యన్నీ గురుతుండవు" అంది. "దొరసానమ్మేటి? కాదు." తరువాత "లీనమ్మేటి?" అంది. తొడుగు ఎత్తి తన అరచేతిమీద పరిచి చూసింది. లీనమ్మ చేయి ఎంతుంటుందో ఆమెకు తెలుసు. "కాదు" అంది.

ఆ తొడుగు నిజంగా ఎవరు పంపారో ఎవరికీ తెలియదు. పంపినవాళ్ళు చెప్పలేదు, ఎవరూ రాసి అడగలేదు. ఆరేళ్ళ పిల్లవాడి చేతికి సరిపోయేలా ఉందన్నది మాత్రం నిజం.

ఇంకొక పేరు మిగిలింది. లింగరాజుకు తెలుసు, ఎదురుచూశాడు. పెళ్ళిపందిరంత గొంతు ఉన్న మనిషి కదా, వీధంతా వినపడేలా అరుస్తుందనుకున్నాడు. సూరమ్మ అరవలేదు. తొడుగు వేళ్ళు ఒక్కొక్కటే సరిచేసి, తనకు మాత్రమే వినపడేలా, "యానుబాబు" అంది.